ఎదురుదెబ్బే దరువైంది!

జమైకా అనగానే మనకు గుర్తొచ్చేవి మూడు. మెరుపులా పరిగెత్తిన ఉసేన్ బోల్ట్, బ్యాట్స్‌మెన్‌ను హడలెత్తించిన మైకేల్ హోల్డింగ్, జటలు విరబోసుకుని రెగే పాడిన బాబ్ మార్లే. ఆ రెగేకి ఓ అన్నయ్య ఉన్నాడు. పేరు స్కా. తమ్ముడికి దక్కిన పేరు అన్నకు దక్కలేదు కానీ... అన్న కథ అంతకన్నా ఆసక్తికరం.

చేతులు ఖాళీగా ఉంటే ఓ చిన్న పని చేయండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు... అని లెక్కపెడుతూ నింపాదిగా చప్పట్లు కొట్టండి. లయ కుదిరిందా? ఇప్పుడు చప్పట్లు ఆపకుండానే, దెబ్బకీ దెబ్బకీ మధ్యనున్న ఖాళీలో 'స్కా' అనండి. దెబ్బ, స్కా, దెబ్బ, స్కా... కాస్త వేగం పెంచండి. కాసేపటికి మీ ప్రమేయం లేకుండానే భుజాలు ఊగుతాయి.

అంతే! స్కా సంగీతం గుట్టంతా అదే. అందరూ దెబ్బ వేసేచోట గిటారూ పియానో ఊరుకుంటాయి. అందరూ ఊరుకునేచోట అవి మోగుతాయి. దానికి తోడు పరుగులు తీసే బేస్, పైన ట్రంపెట్, సాక్సోఫోన్, ట్రాంబోన్. మొదటిసారి విన్న తెలుగువాళ్లకు పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం గుర్తుకొస్తే ఆశ్చర్యం లేదు. అంత హుషారు!

ఇంత హుషారైన సంగీతం ఏ చీకూ చింతా లేనివాళ్ల ఇంట్లోనో పుట్టి ఉంటుందనుకుంటాం. కాదు. అది కింగ్‌స్టన్ మురికివాడల్లో పుట్టింది. దాన్ని వాయించినవాళ్లలో చాలామంది కన్నవాళ్లకు దూరంగా పెరిగారు. పాటకింత అని కూలి తీసుకుని వాయించారు. తర్వాత దాన్ని భుజాన వేసుకున్నవాళ్లు పరాయి దేశంలో అద్దెకు గది దొరకని వలస జనం, ఫ్యాక్టరీలు మూతపడిన ఊళ్లో పనిలేని కుర్రాళ్లు. ఎవరి బతుకు చూసినా ఎదురుదెబ్బలే. అయినా వాళ్ల పాట ఏడవలేదు. గంతులు వేయించింది. ఎందుకలా? ఆ సంగతి తెలియాలంటే డెబ్భై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

మైక్ సెట్ల యుద్ధం

1950లు. జమైకా ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉంది. రాజధాని కింగ్‌స్టన్‌లో పెద్ద హోటళ్లున్నాయి. వాటిలో కోటూ బూటూ వేసుకున్న బ్యాండ్లు విదేశీ పర్యటకుల కోసం జాజ్ వాయించేవి. పేదోడికి అందులోకి ప్రవేశం లేదు. ఇంట్లో గ్రామఫోన్ కొనుక్కునే స్తోమతా లేదు. మరి వారమంతా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసినవాడు శనివారం రాత్రి ఏం చేయాలి?

దానికి జవాబే 'సౌండ్ సిస్టమ్'. మన ఊళ్లో జాతరకో పెళ్లికో పెట్టే మైక్ సెట్టులాంటిదే అనుకోండి. కాకపోతే పది రెట్లు పెద్దది. బీరువాల్లాంటి స్పీకర్ పెట్టెలూ, యాంప్లిఫయరూ, రికార్డు ప్లేయరూ తెచ్చి ఏ ఖాళీ స్థలంలోనో అమర్చేవారు. లోపలికి రావడానికి కొద్దిపాటి టికెట్. బీరూ రమ్మూ అమ్మకం అదనం. తెల్లవార్లూ డాన్సే డాన్సు. ఈ వ్యాపారంలో మొదట పేరు మోసినవాడు చైనా సంతతికి చెందిన ఇనుప సామాన్ల వ్యాపారి టామ్ వాంగ్. సెట్టు పేరు 'టామ్ ద గ్రేట్ సెబాస్టియన్'.

తర్వాత ఇద్దరు మొనగాళ్లు దిగారు. ఒకరు డ్యూక్ రీడ్. మాజీ పోలీసు, మద్యం దుకాణం యజమాని. నడుముకు తుపాకీతో వచ్చేవాడు. రెండో ఆయన క్లెమెంట్ డాడ్. బళ్లో ఉండగా క్రికెట్ బాగా ఆడేవాడని, ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ జట్టుకు ఆడిన అలెక్ కాక్సన్ పేరు పెట్టి పిలిచేవారు తోటి పిల్లలు. ఆ ముద్దుపేరే నిలిచిపోయింది... కాక్సన్ డాడ్! ఆయన సెట్టుకు కాపలాగా ఉంటూ, రౌడీలొస్తే తరిమికొట్టిన బాక్సింగ్ కుర్రాడు మూడోవాడయ్యాడు. పేరు సెసిల్ కాంబెల్. లోకం పిలిచింది ప్రిన్స్ బస్టర్ అని.

వీళ్ల ఆయుధాలు రికార్డులు. అమెరికా నల్లవాళ్ల రిథమ్ అండ్ బ్లూస్ పాటలంటే కింగ్‌స్టన్ పడి చచ్చేది. అమెరికా పొలాల్లో కూలికి వెళ్లొచ్చినవాళ్లు మూటల్లో రికార్డులు తెచ్చేవారు. సెట్టు యజమానులు తామే వెళ్లి గాలించి తెచ్చేవారు. ఎవరి దగ్గర ఎక్కడా దొరకని పాట ఉంటే జనం వాళ్లవైపే. అందుకే రికార్డు మీది లేబుల్ గీకేసేవారు. పాట పేరేమిటో, పాడిందెవరో పక్కవాడికి తెలియకూడదన్నమాట. విలిస్ జాక్సన్ సాక్సోఫోన్ వాయించిన ఓ రికార్డుకు కాక్సన్ ఇలాగే లేబుల్ గీకేసి, 'కాక్సన్ హాప్' అని తన పేరే పెట్టేసుకున్నాడు. కొన్నేళ్లపాటు అది ఆయన బ్రహ్మాస్త్రం. చివరికి డ్యూక్ రీడ్ దాని అసలు పేరు పట్టేసి, తన సెట్టులో మోగించాడు. కాక్సన్ పరువు గంగలో కలిసింది.

ఎదుటివాడి డాన్సు చెడగొట్టడానికి మనుషుల్ని పంపడం, తీగలు కోయించడం... ఇవన్నీ ఆ రోజుల్లో మామూలే. సంగీతం కోసం అంత గొడవా అనిపిస్తుంది. నిజానికది కూడు పెట్టే వ్యాపారం. జనానికేమో వారానికి ఒక్కరోజు దొరికే ఊపిరి.

సరుకు అయిపోయింది

1950ల చివరికొచ్చేసరికి చిక్కొచ్చి పడింది. అమెరికాలో గాలి మారింది. కుర్రకారు రాక్ అండ్ రోల్ వెంటపడ్డారు. కింగ్‌స్టన్‌కు ఇష్టమైన పాత తరహా బరువైన షఫుల్ పాటలు రావడం తగ్గిపోయింది. సెట్లున్నాయి, జనమున్నారు... సరుకు లేదు!

బజార్లో దొరక్కపోతే ఇంట్లో వండుకోవాల్సిందే. సెట్టు యజమానులు హోటళ్లలో వాయించే స్థానిక కళాకారుల్ని పోగేసి స్టూడియోకి తీసుకెళ్లారు. ముందు అమ్మకానికి కాదు. తమ సెట్టు మీద మాత్రమే మోగించడానికి. కాపీలు వేయండని జనం వెంటపడ్డాకే వాటిని దుకాణాల్లో పెట్టారు. జమైకా రికార్డు పరిశ్రమ అలా, ఓ కొరతలోంచి పుట్టింది.

వాళ్లు మొదట అమెరికా పాటల్ని అనుకరించాలనే చూశారు. కానీ చేతులు ఊరుకోవుగా! ఆ చేతులకు మెంటో అనే పల్లె సంగీతం అలవాటు. అందులో బాంజో మోతంతా దెబ్బల మధ్య ఖాళీలోనే పడుతుంది. అమెరికా షఫుల్‌లోకి ఆ అలవాటు జొరబడింది. 1959లో మార్కెట్లోకి వచ్చిన థియోఫిలస్ బెక్‌ఫర్డ్ పాట 'ఈజీ స్నాపిన్' వింటే ఈ మార్పు తెలిసిపోతుంది. పియానో బరువంతా వెనక దెబ్బ మీదే. ప్రిన్స్ బస్టర్ తన గిటారిస్టు జా జెర్రీని ఆ దెబ్బనే గట్టిగా నొక్కమన్నాడనీ, దాంతో స్కా స్కాగా మారిందనీ చెబుతారు. కాదు కాక్సన్ స్టూడియోలోనే ముందు పుట్టిందనే వాళ్లూ ఉన్నారు. ఆ తగువు ఇప్పటికీ తేలలేదు.

ఇంతకీ స్కా అంటే? దాని మీదా రెండు కథలు. బేస్ వాయించే క్లూయెట్ జాన్సన్ ఎవరు కనిపించినా 'స్కవూవీ' అని పలకరించేవాడట. అందులోంచి వచ్చిందని ఒక మాట. గిటారు తీగల్ని సర్రున గీకి వెంటనే ఆపేస్తే వచ్చే చప్పుడుకు కళాకారులు పెట్టుకున్న పేరన్నది రెండోది. ఇది చెప్పింది గొప్ప గిటారిస్టు ఎర్నెస్ట్ రాంగ్లిన్.

1960లో ప్రిన్స్ బస్టర్ ఇంకో సాహసం చేశాడు. ఫోక్స్ సోదరులు పాడిన 'ఓ కారొలీనా' రికార్డింగుకు కొండల్లోని రాస్తఫారీల్ని పిలుచుకొచ్చాడు. అప్పట్లో రాస్తాలంటే ఊరికి చేదు. జటలు పెంచుకుని తిరిగే పిచ్చివాళ్లని పెద్దలు ఈసడించేవారు. పోలీసులు తరిమేవారు. వాళ్ల గురువు కౌంట్ ఆసీ బృందం డప్పులు మొదటిసారి ఓ సినిమా పాటలా ఊరంతా మోగాయి. నల్లవాడి ఆఫ్రికా మూలాలు ఇలా దొడ్డిదారిన రికార్డులోకి ఎక్కాయి. 1993లో షాగీ అనే గాయకుడు ఈ పాటనే మళ్లీ పాడి బ్రిటన్‌లో నంబర్ వన్ కొట్టాడు. అప్పుడుగానీ దీని అసలు హక్కుదారెవరన్న తగువు కోర్టుకెక్కలేదు. పాట రాసింది జాన్ ఫోక్సేనని తీర్పొచ్చేసరికి 1994 అయింది. పాట పుట్టిన 34 ఏళ్లకు!

సిస్టర్ గారి బడి

మంచి బ్యాండు కావాలంటే నొటేషన్ చదవగలిగిన వాయిద్యకారులుండాలి. ఆ పేద ద్వీపంలో అంతమంది ఎక్కణ్నుంచి వచ్చారు? సమాధానం కింగ్‌స్టన్‌లోని ఆల్ఫా బాయ్స్ స్కూల్లో దొరుకుతుంది.

1880లో మొదలైన ఆల్ఫా బాధ్యతను క్రైస్తవ సన్యాసినులు చూసుకునేవారు. అక్కడ చేరేవాళ్లు తల్లిదండ్రులు లేనివాళ్లు, ఉన్నా పెంచలేనివాళ్లు, బడి ఎగ్గొట్టి వీధుల్లో తిరిగేవాళ్లు, అల్లరి భరించలేక కోర్టులు పంపినవాళ్లు. కుట్టుపని, చెప్పుల పని, అచ్చుపని, తోటపని... ఏదో ఒక చేతిపని నేర్పేవారు. వాటితోపాటు బ్యాండు. దర్జీగిరీ అబ్బినవాడు దర్జీ అయ్యేవాడు, ట్రంపెట్ అబ్బినవాడు మిలటరీ బ్యాండులోనో హోటల్ బ్యాండులోనో చేరేవాడు. అక్కడ సంగీతం కూడా కూటికి పనికొచ్చే విద్యే.

1939లో అక్కడికి సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ వచ్చారు. చిన్న మనిషి. తెల్లటి సన్యాసిని దుస్తులు. పిల్లలకు బాక్సింగ్ నేర్పేవారు, క్రికెట్ ఆడించేవారు. ఆవిడ దగ్గర రికార్డుల గుట్టలుండేవి. జాజ్, శాస్త్రీయం, ప్రసంగాలు... ఏదైనా సరే. సొంతంగా ఓ సౌండ్ సిస్టమే కొని, తానే రికార్డులు మారుస్తూ పిల్లలకు వినిపించేవారు. నన్‌గారు డీజే అన్నమాట! 2003లో కన్నుమూసేదాకా, అరవై ఏళ్లకు పైగా ఆవిడ లోకం ఆ బడే.

అక్కడ తయారైన పిల్లల పేర్లు చదివితే జమైకా సంగీత చరిత్ర చదివినట్టే. టామీ మెకూక్, జానీ మూర్, లెస్టర్ స్టెర్లింగ్, డాన్ డ్రమ్మండ్, రికో రోడ్రిగ్స్. వీళ్లలో డ్రమ్మండ్ ట్రాంబోన్ పట్టుకుంటే ఎదురులేదు. బళ్లో తనకన్నా చిన్నవాడైన రికోకు ట్రాంబోన్ నేర్పింది కూడా అతనే. ఈ రికోను గుర్తుపెట్టుకోండి. ఈ కథలో ముందు ముందు సముద్రం దాటి మళ్లీ కనిపిస్తాడు.

కొత్త జెండా, కొత్త పాట

1962 ఆగస్టు 6. మూడొందల ఏళ్ల బ్రిటిష్ పాలన ముగిసి జమైకా స్వతంత్ర దేశమైంది. వీధి వీధినా డాన్సులే. ఆ సంబరానికి కావలసిన పాట అప్పటికే సిద్ధంగా ఉంది. డెరిక్ మోర్గాన్ 'ఫార్వర్డ్ మార్చ్' అంటూ స్కాలోనే స్వాతంత్ర్యాన్ని పాడాడు. అరువు తెచ్చుకున్న అమెరికా పాట కాదు. లండన్ నుంచి దిగిన బాణీ కాదు. మాది అని చెప్పుకోగలిగిన మొదటి సంగీతం అది.

1964లో కింగ్‌స్టన్‌లోని మేటి వాయిద్యకారులంతా ఒక బ్యాండుగా చేరారు. అది రోదసి యుగం. పైన ఉపగ్రహాలు తిరుగుతున్న రోజులు. ఉపగ్రహాన్ని ఇంగ్లిషులో శాటిలైట్ అంటారుగా, దానికి స్కా తగిలించి 'స్కటలైట్స్' అని పేరు పెట్టుకున్నారు. మెకూక్, మూర్, స్టెర్లింగ్, డ్రమ్మండ్... మొదటి బృందంలోనే నలుగురు ఆల్ఫా బిడ్డలు! పగలు స్టూడియోలో రికార్డింగులు, రాత్రి క్లబ్బుల్లో కచేరీలు. కాక్సన్‌కైనా, డ్యూక్ రీడ్‌కైనా, ప్రిన్స్ బస్టర్‌కైనా వెనక వాయించేది వీళ్లే. హాలీవుడ్ యుద్ధ చిత్రం 'ద గన్స్ ఆఫ్ నవరోన్' బాణీ తీసుకుని స్కాలో వాయిస్తే, అది 1967లో బ్రిటన్ చార్టుల్లోకి ఎక్కింది. కాక్సన్ స్టూడియోలో ముగ్గురు నలుగురు కుర్రాళ్లు 'సిమ్మర్ డౌన్' అనే పాట పాడినప్పుడు వెనక వాయించిందీ వీళ్లే. వీధి గొడవలు మానుకోండిరా అని రౌడీ కుర్రాళ్లకు చెప్పే ఆ పాట 1964లో ద్వీపమంతా మోగింది. పాడిన కుర్రాళ్ల జట్టు పేరు వెయిలర్స్. అందులో ఒకడు బాబ్ మార్లే!

అదే ఏడాది న్యూయార్క్‌లో ప్రపంచ ప్రదర్శన. కొత్త దేశం తన సంగీతాన్ని లోకానికి చూపించాలనుకుంది. మంచి ఆలోచనే. కానీ ప్రభుత్వం ఎంచుకున్న బ్యాండు బైరన్ లీ అండ్ ద డ్రాగనేర్స్. జేమ్స్ బాండ్ సినిమా 'డాక్టర్ నో'లో కనిపించిన బ్యాండు అది. చక్కగా ఇస్త్రీ చేసిన సూట్లు, ఊరి పైభాగపు క్లబ్బుల్లో పేరు. స్కాను రోజూ తయారుచేస్తున్న స్కటలైట్స్‌కు పిలుపు రాలేదు. వాడలో పుట్టిన పాట కావాలి. వాడ మనుషులు మాత్రం వద్దు! ఇలాంటి తంతు మనకూ కొత్తేం కాదు.

మరుసటి ఏడాది మొదట్లోనే పిడుగు పడింది. 1965 కొత్త సంవత్సరం సంబరాల వేళ డాన్ డ్రమ్మండ్ తన ప్రియురాలు మార్గరీటాను పొడిచి చంపాడు. ఆమె అసలు పేరు అనిటా మహఫూద్. పేరున్న నర్తకి. స్కటలైట్స్‌తో కలిసి పాట కూడా పాడింది. డ్రమ్మండ్ అప్పటికే చాలాకాలంగా మానసిక వ్యాధితో బాధపడుతున్నాడు. అతణ్ని మానసిక వైద్యశాలకు పంపారు. 1969 మే 6న అక్కడే పోయాడు. అతని ప్రతిభ గురించి చెప్పే కథల్లో మార్గరీటా తరచూ ఒక్క వాక్యంగా మిగిలిపోతుంది. అది అన్యాయం. ఆ రాత్రి పోయింది బ్యాండు భవిష్యత్తు ఒక్కటే కాదు, ఓ మనిషి ప్రాణం.

1965 ఆగస్టు నాటికి స్కటలైట్స్ విడిపోయారు. మొత్తం బతికింది దాదాపు 14 నెలలు. ఆ కొద్దికాలంలో వాయించిన పాటలు మాత్రం వందల్లో.

వేగం తగ్గింది

1966 వేసవి కింగ్‌స్టన్‌లో మండిపోయిందనీ, ఆ ఎండకు స్కా వేగంతో గంతులు వేయలేక జనం నెమ్మదైన పాటలు అడిగారనీ ఓ కథ ప్రచారంలో ఉంది. అదొక్కటే కారణం కాదు. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లయినా ఉద్యోగాలు రాలేదు. పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్లు వాడల్లో పనిలేక తిరిగేవారు. వీళ్లనే 'రూడ్ బాయ్స్' అన్నారు. కురచ టోపీ, బిగుతు సూటు, జేబులో కత్తి. 1962 నాటి సంబరం చల్లారిపోయింది. పాట మాత్రం ఎంతకాలం పరిగెడుతుంది?

బాకాలు తగ్గాయి. బేస్ ముందుకొచ్చింది. దానికి రాక్‌స్టెడీ అని పేరు. 1968కల్లా మరో మలుపు తిరిగి రెగే అయింది. ఆ పదాన్ని పాట పేరులో పెట్టి జనంలోకి తెచ్చింది టూట్స్ అండ్ ద మేటల్స్. రెగేలో కూడా గిటారు పడేది ఆ ఎదురు దెబ్బ మీదే. అన్న వేసిన దారిలోనే తమ్ముడు నడిచాడు. నడక మాత్రం నిదానం.

ఓడెక్కిన దరువు

జమైకా వదిలేసినా స్కా చావలేదు. ఎందుకంటే అప్పటికే అది ఓడెక్కి ఇంగ్లండ్ చేరింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌కు పనివాళ్లు కావాల్సొచ్చారు. 1948 జూన్‌లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ వందలమంది కరీబియన్లను తెచ్చింది. తర్వాత వేలమంది వచ్చారు. బస్సులు నడిపారు, ఆస్పత్రుల్లో చాకిరీ చేశారు. అద్దెకు గది అడిగితే మాత్రం తలుపు మొహాన వేసేవారు. క్లబ్బుల్లోకి రానిచ్చేవారు కాదు. అందుకని నేలమాళిగల్లోనే స్పీకర్లు పెట్టుకుని డాన్సులు చేసుకున్నారు. 1960లో వీళ్లకోసమే బ్లూ బీట్ అనే రికార్డు కంపెనీ మొదలైంది. ఆ పేరు ఎంత పాకిందంటే, ఇంగ్లండ్‌లో చాలాకాలం స్కాను 'బ్లూబీట్' అనే పిలిచేవారు.

1964లో మిల్లీ స్మాల్ అనే పదహారేళ్ల జమైకా అమ్మాయి లండన్‌లో 'మై బాయ్ లాలీపాప్' పాడింది. వాద్య సంగీతం కూర్చింది ఎర్నెస్ట్ రాంగ్లిన్. అటు బ్రిటన్‌లోనూ ఇటు అమెరికాలోనూ రెండో స్థానానికి వెళ్లిందా పాట. ప్రపంచమంతా విన్న మొదటి స్కా పాట అదే.

నల్లవాళ్ల నేలమాళిగల్లో మోగే ఆ దరువుకు పనివాళ్ల వాడల్లోని తెల్ల కుర్రాళ్లూ మోజుపడ్డారు. ముందు మాడ్స్, తర్వాత గుండ్లు కొట్టించుకుని బూట్లేసుకు తిరిగే స్కిన్‌హెడ్స్. 1969 నాటి స్కిన్‌హెడ్ ఇంట్లో జమైకా రికార్డు ఉండాల్సిందే. చిత్రమేమిటంటే, నల్లవాడి పాటకు డాన్సు చేసిన ఆ మూకల్లోనే కొందరు వీధిలో కనిపించిన ఆసియా వాళ్లను చావబాదేవారు. పాట నచ్చితే చాలదు, పాడినవాడి పక్కన నిలబడటం వేరే సంగతి. ఆ రెంటినీ కలపడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఊటీలో పుట్టినవాడు

జెర్రీ డామర్స్ పుట్టింది మన ఊటీలో. 1955లో. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. కుర్రాడు కోవెంట్రీలో పెరిగాడు. కార్ల ఫ్యాక్టరీల ఊరది. కరీబియన్లూ పంజాబీలూ ఐరిష్ వాళ్లూ అక్కడ పనిచేసేవారు. 1970ల చివరికి ఆ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడసాగాయి. ఉద్యోగాలు పోతే ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాలి. ఆ కోపాన్ని వలస వచ్చినవాళ్ల మీదికి మళ్లించడానికి నేషనల్ ఫ్రంట్ అనే పార్టీ కాచుకుని కూర్చుంది. గుండు కుర్రాళ్లను చేరదీసింది.

డామర్స్ ఓ బ్యాండు పెట్టాడు. పేరు 'ద స్పెషల్స్'. ఏడుగురిలో ఇద్దరు జమైకాలో పుట్టినవాళ్లు, మిగిలినవాళ్లు తెల్లవాళ్లు. పంక్ సంగీతంలోని కోపాన్నీ స్కాలోని హుషారునూ ఒక్కచోట కలిపాడు. 1979లో సొంత రికార్డు కంపెనీ పెట్టి 'టూ టోన్' అన్నాడు. రెండు రంగులు. నలుపూ తెలుపూ గళ్లు, నల్ల సూటు, తెల్ల చొక్కా, కురచ టోపీ ఉన్న ఓ బొమ్మ. ఆ బొమ్మకు ఆధారం ఒకప్పుడు వెయిలర్స్ ఆల్బమ్ అట్ట మీద పీటర్ టోష్ నిలబడ్డ తీరు. ఏ ప్రసంగమూ చెప్పలేనిది ఆ గళ్లు చెప్పేశాయి.

అదే ఏడాది నవంబరు 8న బీబీసీ 'టాప్ ఆఫ్ ద పాప్స్' కార్యక్రమంలో స్పెషల్స్, సెలెక్టర్, మ్యాడ్‌నెస్... మూడు స్కా బ్యాండ్లూ ఒకే రాత్రి కనిపించాయి. సెలెక్టర్‌లో ముందు నిలబడి పాడింది పాలీన్ బ్లాక్ అనే నల్ల యువతి. మ్యాడ్‌నెస్ తన పేరునే ప్రిన్స్ బస్టర్ పాట నుంచి తీసుకుంది. మొదటి రికార్డూ ఆయనకు నివాళే. బర్మింగ్‌హామ్ బ్యాండు 'ద బీట్'లో కుర్రాళ్ల మధ్య సాక్సోఫోన్ ఊదింది సుమారు యాభై ఏళ్ల జమైకా పెద్దాయన సాక్సా.

ఇక స్పెషల్స్ పాడిన 'ఎ మెసేజ్ టు యూ, రూడీ'. అది 1967లో డాండీ లివింగ్‌స్టన్ పాడిన పాత పాట. అందులో ట్రాంబోన్ వాయించిన వ్యక్తినే వెతికి పట్టుకుని, మళ్లీ అతనితోనే వాయించుకున్నారు. ఎవరో తెలుసా? రికో రోడ్రిగ్స్! సిస్టర్ ఇగ్నేషియస్ బడి పిల్లాడు, డ్రమ్మండ్ శిష్యుడు. 1960ల మొదట్లోనే ఇంగ్లండ్ వచ్చి, పేరు లేకుండా మిగిలిపోయిన మనిషి. నలభై అయిదేళ్ల వయసులో, తన కొడుకుల ఈడు కుర్రాళ్ల పక్కన నిలబడి ఊదాడు. 2007లో బ్రిటన్ ఆయనకు ఎంబీఈ బిరుదు ఇచ్చింది. 2015లో కన్నుమూశాడు.

కచేరీలంటే పూలబాటేం కాదు. నేషనల్ ఫ్రంట్ మూకలు వచ్చి గొడవ చేసేవి. స్పెషల్స్ వాయించడం ఆపేసి, కొట్లాట సద్దుమణిగేదాకా నిలబడేవారు. 1981 ఏప్రిల్లో కోవెంట్రీ నడిబొడ్డున ఇరవై ఏళ్ల ఆసియా విద్యార్థిని స్కిన్‌హెడ్లు పొడిచి చంపారు. జూన్ 20న స్పెషల్స్ అదే ఊళ్లో జాతుల సఖ్యత కోసం కచేరీ చేశారు. ఆ రోజుల్లోనే వచ్చిన పాట 'ఘోస్ట్ టౌన్'. మూతపడ్డ క్లబ్బులు, పనిలేని యువత, వీధుల్లో కొట్లాటలు. స్కా దరువే. కానీ శవం వెంట నడుస్తున్నంత నెమ్మది. జులైలో అది మూడు వారాలు నంబర్ వన్‌గా నిలిచింది. సరిగ్గా అదే సమయంలో లివర్‌పూల్‌తో సహా పలు బ్రిటన్ నగరాలు అల్లర్లతో తగలబడుతున్నాయి. ఒక దేశం పరిస్థితిని అంత సూటిగా, అంత సమయానికి చెప్పిన పాటలు అరుదు.

ఆ విజయం వెంటే ముగ్గురు గాయకులు బ్యాండు వదిలేశారు. మళ్లీ రెండేళ్ల ముచ్చటే! డామర్స్ మాత్రం ఊరుకోలేదు. 1984లో 'ఫ్రీ నెల్సన్ మండేలా' పాట కట్టాడు. మండేలా ఎవరో తెలియని వేలాదిమంది కుర్రకారుకు ఆ పేరు డాన్సు చేస్తూ తెలిసింది. 1988లో మండేలా డెబ్భయ్యో పుట్టినరోజుకు లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన భారీ కచేరీ వెనకా డామర్స్ చెయ్యి ఉంది. 1990 ఫిబ్రవరి 11న మండేలా జైలు నుంచి బయటికొచ్చాడు. పాటతోనే విడుదలయ్యాడని ఎవరూ అనరు. ఆ పేరును జనం నోట నిలిపిన వాటిలో ఆ పాట ఒకటని మాత్రం అంటారు.

ఏ ఊరెళితే ఆ ఊరి పాట

1990ల్లో స్కా అమెరికా కళాశాలల్లో వాలింది. మైటీ మైటీ బాస్‌టోన్స్, రీల్ బిగ్ ఫిష్, మొదట్లో స్కా బ్యాండుగానే మొదలైన నో డౌట్... అందరూ లక్షల్లో రికార్డులు అమ్మారు. అయితే అక్కడ స్కా చాలావరకు సరదాగానే మిగిలింది. 1997 నాటికి రేడియోల్లో ఊపేసి, నాలుగేళ్లు తిరక్కుండా ఫ్యాషన్ మారి చల్లబడింది.

అర్జెంటీనాలో లాస్ ఫాబులోసోస్ కాడిలాక్స్, మెక్సికోలో పాంటియోన్ రొకోకో, జపాన్లో టోక్యో స్కా పారడైజ్ ఆర్కెస్ట్రా దాన్ని తమ సొంతం చేసుకున్నాయి. మెక్సికో నగరంలో స్కా కచేరీ అంటే ఇప్పటికీ మైదానాలు నిండుతాయి. 2009లో ఢిల్లీలోనూ ఓ బ్యాండు పుట్టింది. పేరు 'ద స్కా వెంజర్స్'. హిందీ, ఇంగ్లిషు, జమైకా యాస కలిపి పాడతారు. రాజకీయాలు మాట్లాడటానికి జంకరు.

గమనిస్తే ఒకటి కనిపిస్తుంది. కొత్త స్వాతంత్ర్యం, పరాయి దేశపు నేలమాళిగ, మూతపడ్డ ఫ్యాక్టరీ. ఎక్కడ జనం పక్కకు నెట్టేయబడ్డారో అక్కడ స్కా బతికింది. వట్టి ఫ్యాషన్‌గా మారిన చోట తొందరగా వాడిపోయింది. తెలుగులో ఎదురుదెబ్బ అంటే బతుకులో తగిలే దెబ్బ. స్కా వాళ్లకు అది తాళంలో వేసే దెబ్బ కూడా. అందరూ వదిలేసిన ఖాళీలో నిలబడి, మేమూ ఉన్నామని మోగడం. ఆ హుషారు బాధ తెలియనివాళ్ల హుషారు కాదు. బాధ పెట్టినవాడికి మేం ఏడవడం చూసే సంతోషం దక్కనివ్వమన్న పట్టుదల.

కూలి మాటేమిటి?

ఇంత సందడిలో ఓ లెక్క మాత్రం తేలనే లేదు. కింగ్‌స్టన్ స్టూడియోల్లో వాయించినవాళ్లకు పాటకింత అని చేతిలో పెట్టేవారు. ఆ పాట లండన్లో లక్షలు అమ్ముడైనా, ముప్ఫై ఏళ్ల తర్వాత సినిమాలో వాడుకున్నా వాళ్లకు అదనంగా చిల్లిగవ్వ వచ్చేది కాదు. హక్కులన్నీ నిర్మాతలవి. మరో పక్క, ఆ నిర్మాతలే లేకపోతే పాటలే ఉండేవి కావన్నదీ నిజమే. 2004లో కింగ్‌స్టన్‌లో కాక్సన్ స్టూడియో ఉన్న వీధికి 'స్టూడియో వన్ బూలెవార్డ్' అని పేరు పెట్టారు. ఆ వేడుక జరిగిన కొద్దిరోజులకే కాక్సన్ గుండెపోటుతో పోయాడు. వీధికి పేరైనా దక్కింది. ఆ స్టూడియోలో చెమటోడ్చిన చాలామందికి అదీ లేదు.

ఆల్ఫా బడిలో పిల్లలు ఉండి చదువుకునే వసతి 2014లో ఆగిపోయింది. కానీ తలుపులు మూసుకోలేదు. ఆల్ఫా ఇన్‌స్టిట్యూట్ పేరుతో పగటి శిక్షణ సాగుతోంది. పేదింటి కుర్రాళ్లు చేతిపనులు నేర్చుకుంటున్నారు, బ్యాండులో చేరుతున్నారు. పాత విద్యార్థుల సంగీతం వినిపించడానికి బడి పేరుతోనే ఓ ఇంటర్నెట్ రేడియోనూ మొదలుపెట్టారు. డ్రమ్మండ్, మెకూక్, రికోల పాటలు అందులో మోగుతాయి. ఈసారి లేబుళ్లు గీకేయడం లేదు. పాట పేరూ, వాయించినవాడి పేరూ రెండూ చెబుతున్నారు.